షుగర్ ఉంటే రక్తనాళాల్లోంచి ప్రోటీన్ ఎందుకు కారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఇంట్లో షుగర్ ఉన్న నాన్నగారి రిపోర్టులు చూడడం దానికంటే పాత ఉద్యోగం. స్టూడెంట్లు, చుట్టాలు, పొద్దున వాకింగ్‌లో కలిసేవాళ్లు అడిగిన ప్రశ్నలే ఇక్కడ పోగు చేశాను. నేను రోగులకు వైద్యం చేసే డాక్టర్ని కాను. మందుల పేర్లు వచ్చినచోట అవి ఒంట్లో ఏం చేస్తాయో చెప్పాను. ఎవరు ఏది వేసుకోవాలన్నది మీ డాక్టరుగారు చూసుకోవాలి.

యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని రిపోర్ట్ వచ్చింది. ఇది కిడ్నీ సమస్యా, షుగర్ సమస్యా?

నన్నడిగితే ముందు ఇది రక్తనాళాల గోడల సమస్య. ఒళ్లంతా ఉన్న నాళాలన్నిటికీ లోపలివైపు ఒక పలచని కణాల పొర పరుచుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ పొర కిడ్నీలో మాత్రమే చెడి, మిగతాచోట్ల భద్రంగా ఉండదు. కిడ్నీలో కారింది సీసాలో పడుతుంది కాబట్టి కొలవగలుగుతున్నాం. కంట్లోనో, గుండె కండరంలోనో, పాదాల నరాల పక్కనో కారింది అక్కడే ఇంకిపోతుంది, మనకు కనపడదు.

ఈ మాట మొదట గట్టిగా అన్నది డెన్మార్క్‌లోని స్టెనో ఆసుపత్రి డాక్టర్లు. 1970లలో హాన్స్-హెన్రిక్ పార్వింగ్ అనే ఆయన, రేడియోధార్మిక అయొడిన్ అంటించిన ఆల్బుమిన్‌ను రక్తంలోకి ఎక్కించి, అది నాళాల్లోంచి ఎంత వేగంగా మాయమవుతోందో లెక్కగట్టారు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా రక్తంలోని ఆల్బుమిన్‌లో గంటకు సుమారు 5 శాతం నాళాల బయటికి వెళ్తుంది. అది లింఫ్ దారిన తిరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. షుగర్ అదుపు తప్పినవాళ్లలో ఆ వేగం పెరిగింది, అదీ కిడ్నీలో మాత్రమే కాదు, మొత్తం ఒంట్లో. 1989లో టోర్స్టెన్ డెకర్ట్ బృందం దీన్ని ఒక సిద్ధాంతంగా రాసింది: యూరిన్‌లో ఆల్బుమిన్ కనిపించిందంటే ఒళ్లంతా నాళాల గోడలు దెబ్బతిన్నాయని లెక్క. అందులో చెప్పిన రసాయన కారణాల మీద తర్వాత వాదాలు నడిచాయి గానీ అసలు మాట నిలబడింది.

అసలు ఆల్బుమిన్ అంటే ఏమిటి? అది నాళాల్లోనే ఎందుకు ఉండాలి?

లివర్ తయారుచేసే ప్రోటీన్, రోజుకు 10 నుంచి 15 గ్రాములు. రక్తంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఇదే. డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు ఉంటే మామూలు. నీటిని నాళాల్లో పట్టి ఉంచే పని దీనిదే. మందుల్ని, కొవ్వు ఆమ్లాల్ని, బిలిరుబిన్‌ను మోసుకెళ్లేదీ ఇదే. ఇది గోడ దాటి బయట చేరితే నీళ్లు కూడా దాని వెంట పోతాయి, అక్కడ వాపు వస్తుంది.

మామూలుగా గోడ దీన్ని ఎలా ఆపుతుంది?

కిడ్నీనే తీసుకుందాం. రెండు కిడ్నీలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. ఆ ద్రవంలో లీటరుకు 40 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ కూడా వచ్చేస్తే రోజుకు 7 కిలోలు పోవాలి. పోయేది 30 మిల్లీగ్రాముల లోపే. ఈ లెక్క క్లాసులో బోర్డు మీద వేసినప్పుడల్లా వెనక బెంచీలు కూడా ఒక్క నిమిషం తలెత్తుతాయి.

ఆపే పొరలు మూడు. రక్తానికి ఆనుకుని ఉండేది లోపలి కణాల పొర, దాని పేరు ఎండోథీలియం. దాని వెనక కొలాజెన్‌తో అల్లిన బేస్‌మెంట్ మెంబ్రేన్. దాని బయట, చేతివేళ్లు ఒకదాని సందులో ఒకటి దూర్చినట్టు పట్టుకుని ఉండే పోడోసైట్లు.

విచిత్రం మొదటి పొరలోనే ఉంది. కిడ్నీలో ఎండోథీలియం నిండా కిటికీల్లాంటి రంధ్రాలుంటాయి. ఒక్కొక్కటీ 70 నానోమీటర్ల దాకా వెడల్పు. ఆల్బుమిన్ అణువు 7 నానోమీటర్లు మాత్రమే. పది రెట్లు పెద్ద కిటికీ తెరిచి ఉంటే ఎందుకు దూకేయదు? కిటికీకి తెర ఉంది కాబట్టి. కణాల పైన చక్కెర గొలుసులతో, ప్రోటీన్లతో అల్లిన బంక లాంటి ఒక పూత ఉంటుంది, గ్లైకోకాలిక్స్ అంటారు. చెరువు గట్టున రాయి మీద పేరుకున్న నాచును చేత్తో తడిమితే ఎలా ఉంటుందో అలాంటిదని ఊహించుకోండి. దానికి రుణ విద్యుదావేశం ఉంటుంది. ఆల్బుమిన్‌కూ రుణావేశమే, కాబట్టి రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పాత పద్ధతిలో మైక్రోస్కోప్ కింద పెట్టడానికి కణజాలాన్ని సిద్ధం చేస్తుంటే ఈ పూత కొట్టుకుపోయేది. అందుకే చాలాకాలం దాని సంగతి ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

మరి చక్కెర ఎక్కువైతే ఈ గోడకు ఏమవుతుంది?

ఒకటి కాదు, నాలుగైదు జరుగుతాయి, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తూ.

మొదట ఆ పూత పలచబడుతుంది. 2006లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ప్రయోగం చేశారు. షుగర్ లేని ఆరోగ్యవంతుల రక్తంలో గ్లూకోజ్‌ను ఆరు గంటలపాటు సుమారు 270 దగ్గర నిలబెట్టారు. ఒళ్లంతా కలిపి గ్లైకోకాలిక్స్ పరిమాణం సగానికి పడిపోయింది. ఆరంటే ఆరే గంటలు. పెళ్లిభోజనం తర్వాత రెండు పూటలు మీటర్ వంక చూడకుండా ఉండేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

రెండోది, ఎండోథీలియం కణాల స్వభావంలోనే ఉన్న ఇబ్బంది. కండరం, కొవ్వు కణాలు ఇన్సులిన్ పిలిస్తేనే గ్లూకోజ్‌ను ఎక్కువగా లోపలికి తీసుకుంటాయి. రక్తనాళాల కణాలకు ఆ తలుపు లేదు. బయట ఎంత ఉంటే లోపలా దాదాపు అంత చేరుతుంది. లోపల చేరిన అదనపు చక్కెరను కాల్చబోతే, కణానికి పొయ్యి లాంటి మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పొగలా పుట్టుకొస్తుంది. న్యూయార్క్‌లో పనిచేసిన మైఖేల్ బ్రౌన్లీ మిగతా నష్టాలన్నిటికీ ఇదే మూలమని 2001లో ఒక వ్యాసంలో వాదించారు. ఆ నష్టాల్లో ఒకటి ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమ్ రేగడం. అది రేగితే పక్కపక్క కణాలను అతికించి ఉంచే బంధాలు వదులవుతాయి. టైల్స్ మధ్య వైట్ సిమెంట్ రాలిపోయాక బాత్‌రూమ్ నీళ్లు కింది ఇంటి సీలింగ్‌లో ఎలా తేలతాయో ఇదీ అంతే.

మూడోది వీఈజీఎఫ్ అనే అణువు. దాని గురించి కంటి ప్రశ్న దగ్గర చెప్తాను.

నాలుగోది, చక్కెర నేరుగా ప్రోటీన్లకు అంటుకుపోవడం. పిడకల దాలి మీద కుండలో పాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగితే ఎర్రబడి, మీగడ గోధుమరంగు తిరుగుతుంది. పాలలోని చక్కెర పాల ప్రోటీన్‌కు అంటుకుని అలా రంగు మారుస్తుంది. 1912లో ఫ్రాన్స్‌లో లూయీ మేయార్ ఈ చర్యను వర్ణించారు. సెగ లేకపోయినా, 37 డిగ్రీల దగ్గర, ఏళ్ల మీద ఇదే రసాయన చర్య మన ఒంట్లో నడుస్తుంది. మీరు మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ కొలిచేది ఇలా హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరనే. ఎర్రకణం 120 రోజుల్లో పోతుంది కాబట్టి దాని లెక్క అక్కడితో సరి. రక్తనాళం గోడలోని కొలాజెన్ ఏళ్ల తరబడి ఉంటుంది, దానికి అంటింది అంటినట్టే ఉండిపోతుంది.

షుగర్ వల్ల గోడ మందమవుతుందని చదివాను. మందమైతే కారడం తగ్గాలి కదా?

స్టూడెంట్లలో చురుకైనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నాకు ఈ మొత్తం పాఠంలో ఇష్టమైన భాగం కూడా ఇదే.

నిజంగానే మందమవుతుంది. షుగర్ ఉన్నవాళ్ల బేస్‌మెంట్ మెంబ్రేన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే మామూలు కంటే లావుగా కనపడుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్న నాళాల గుత్తుల (వడపోత గుత్తుల) మధ్య కూడా అదే పదార్థం ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది. 1936లో బోస్టన్‌లో పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ మొదట వర్ణించిన ఆ ముద్దలకు ఇప్పటికీ వాళ్ల పేర్లే.

అయితే లావు వేరు, నేత వేరు. అమ్మమ్మల కాలపు నేత చీర పలచగా ఉన్నా పిండి జల్లించడానికి పనికొచ్చేది, పిండి దిగేది, తవుడు పైన నిలిచేది. అదే గోనెసంచీని చూడండి. చీర కంటే ఎన్నో రెట్లు మందం, కానీ నేత వదులు, పిండీ తవుడూ అన్నీ దిగిపోతాయి. షుగర్ వచ్చాక తయారయ్యే గోడ అలాంటిదే. కొలాజెన్ పోగులు అడ్డదిడ్డంగా అతుక్కుపోతాయి, ఆల్బుమిన్‌ను వెనక్కి నెట్టే ఆవేశం తగ్గుతుంది, అల్లిక తీరు మారుతుంది. పైగా బయటి పోడోసైట్లు వేళ్లు వదిలేసి చదునవుతాయి, కొన్ని ఊడి యూరిన్‌లో కొట్టుకుపోతాయి. ఇవి మళ్లీ విభజన చెంది పుట్టే రకం కణాలు కావు, పోయిన చోటు ఖాళీగానే ఉంటుంది.

అందుకే కారడం కూడా ఒక వరుసలో పెరుగుతుంది. మొదట ఆల్బుమిన్ లాంటి చిన్న, రుణావేశం ఉన్న ప్రోటీన్ ఒక్కటే జారుతుంది. గోడ ఇంకా పాడయ్యాక ఐజీజీ లాంటి పెద్ద యాంటీబాడీలు కూడా దిగుతాయి. అప్పటికి తెర చిరగడం దాటిపోయి కిటికీ చట్రమే ఊగుతోందన్నమాట.

నా బీపీ బాగానే ఉంది. అయినా కిడ్నీలో ఒత్తిడి ఎక్కువ ఉందన్నారు, ఎలా?

చేతికి పట్టీ కట్టి కొలిచేది పెద్ద ధమని ఒత్తిడి. కిడ్నీ వడపోత గుత్తిలో ఒత్తిడి వేరే లెక్క. మామూలుగానే అక్కడి సన్న నాళాల్లో 50, 60 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒంట్లో మిగతా కేశనాళికల కంటే చాలా ఎక్కువ. ఒత్తిడి లేకపోతే వడకట్టడం కుదరదు.

తోటకు నీళ్లు పెట్టే పైపుని ఊహించండి. గుత్తిలోకి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకెళ్లేది ఒకటి. షుగర్ ఎక్కువైతే వచ్చే నాళం బార్లా తెరుచుకుంటుంది. పోయే నాళాన్ని యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ నొక్కి పడుతుంది. మధ్యలో పైపు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి ప్రోటీన్ గోడలోంచి బయటికి తోసుకొస్తుంది, పోడోసైట్లు సాగుతాయి. ఈ దశలో కిడ్నీ వడపోత వేగం మామూలు కంటే ఎక్కువగా కనపడుతుంది. రిపోర్టు చూసినవాళ్లు "అబ్బ, కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో" అనుకుంటారు. అది ఓవర్‌టైమ్.

క్రియాటినిన్ నార్మల్. అంటే కిడ్నీలు బాగున్నట్టేగా?

కాదు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం. రక్తంలో అది పెరగడం చాలా ఆలస్యంగా తెలిసే వార్త. కిడ్నీ పనితనంలో దాదాపు సగం పోయేదాకా అది మామూలు గీత లోపలే తిరుగుతూ ఉండొచ్చు. ఆల్బుమిన్ చాలా ఏళ్ల ముందే చెప్తుంది.

యూరిన్ టెస్టులో "ప్రోటీన్: నిల్" అని ఉంది. ఇంకో టెస్ట్ ఎందుకు?

ఇది మా ఇంట్లో జరిగిందే చెప్తాను. నాన్నగారికి వరసగా రెండేళ్లు మామూలు యూరిన్ టెస్ట్ చేయించాం. రెండుసార్లూ ప్రోటీన్ నిల్ అనే వచ్చింది. నేను ఆ కాగితాలు ఫైల్లో పెట్టేసి నిశ్చింతగా ఉన్నాను. మూడో ఏడు వేరే పని మీద వెళ్లినప్పుడు ఒక డాక్టరుగారు ఏసీఆర్ అని, యూరిన్‌లో ఆల్బుమిన్‌ను కొలిచే ఒక టెస్ట్ రాశారు. 30 లోపు ఉండాల్సింది 140 వచ్చింది. ల్యాబ్ తప్పేం లేదు, రంగు మారే కాగితపు పుల్లకు అంత చిన్న మొత్తం తెలియదు. రోజుకు సుమారు 300 మిల్లీగ్రాములు దాటితే గానీ అది నమ్మకంగా పట్టుకోదు. ఆ సంగతి క్లాసులో ఏటేటా చెప్పేది నేనే. ఇంటి ఫైలు దగ్గరికి వచ్చేసరికి నాకే గుర్తు రాలేదు.

ఈ చిన్న మొత్తాలను కొలిచే పద్ధతి లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో హ్యారీ కీన్ బృందం 1963లోనే తయారుచేసింది. అంత తక్కువ ఆల్బుమిన్‌కు కూడా అర్థం ఉందని 1980లలో తేలింది. 1982లో గైస్ నుంచే జియాన్‌కార్లో వీబెర్తి, 1984లో డెన్మార్క్ నుంచి కార్ల్ ఎరిక్ మోగెన్సెన్ ఆ సంగతి రాశారు. కొద్దికొద్దిగా ఆల్బుమిన్ పోతున్నవాళ్లకు తర్వాతి ఏళ్లలో కిడ్నీ జబ్బు ముదిరే అవకాశం చాలా ఎక్కువగా ఉంది. మోగెన్సెన్ చూసిన రెండో రకం షుగర్ రోగుల్లో మరణాలు కూడా ఎక్కువే.

రిపోర్టులో అంకెల్ని ఎలా చదవాలి?

ఏసీఆర్ అంటే యూరిన్‌లో ఆల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి. నీళ్లు ఎక్కువ తాగితే యూరిన్ పలచబడుతుంది, తక్కువ తాగితే చిక్కబడుతుంది. క్రియాటినిన్‌తో భాగిస్తే ఆ తేడా సరిపోతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే గోడ కారుతోంది, జాగ్రత్తపడే సమయం ఇదే. దీన్నే ఇదివరకు మైక్రో ఆల్బుమిన్ అనేవారు. చాలా ల్యాబ్ కాగితాల మీద ఇప్పటికీ ఆ పేరే ఉంటుంది. మైక్రో అంటే ఆల్బుమిన్ చిన్న సైజుదని కాదు, మొత్తం తక్కువని. 300 దాటితే నష్టం ముదిరింది.

ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. ఇది రోజు రోజుకూ బాగా ఊగే అంకె. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, అందులో రెండు ఎక్కువ వస్తేనే నిర్ధారిస్తారు.

యూరిన్‌లో నురగ వస్తోంది. ప్రోటీన్ పోతున్నట్టేనా?

ధారగా పడితే ఎవరికైనా బుడగలు వస్తాయి, కాసేపటికి పోతాయి. బీరు నురగలా పొరలు పొరలుగా నిలిచి, ఫ్లష్ చేసినా మిగిలి ఉంటే, రోజూ అలాగే ఉంటే టెస్ట్ చేయించండి. కానీ మొదటి దశలో పోయే కొద్దిపాటి ఆల్బుమిన్‌కు నురగ రాదు. నురగ లేదు కదా అని టెస్ట్ మానడం తప్పు.

ఇదే కారడం కంట్లో జరిగితే ఏమవుతుంది?

రెటీనా అంటే కంటి వెనక చూపునిచ్చే పొర. అందులోని సన్న నాళాలకు కిడ్నీలోలా కిటికీలు ఉండవు. కణాలు అంచులు కలిపి గట్టిగా కుట్టేసినట్టుంటాయి. బయట పెరిసైట్లు అనే కణాలు వాటిని కౌగిలించుకుని ఉంటాయి. ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా, దాదాపు ఒక ఎండోథీలియం కణానికి ఒక పెరిసైట్ చొప్పున. షుగర్‌లో ముందు పోయేవాటిలో ఈ పెరిసైట్లు ఉన్నాయి. అవి పోయిన చోట నాళం చిన్న బుడగలా ఉబ్బుతుంది, కారుతుంది. ప్రోటీన్, కొవ్వు కలిసిన ద్రవం రెటీనాలో చేరి, నీరు ఇంకాక పసుపు రంగు మచ్చలుగా మిగులుతుంది. చూపుకు కీలకమైన మాక్యులాలో ఆ నీరు చేరితే అక్షరాలు వంకరగా, మసకగా కనపడతాయి.

కారడాన్ని కళ్లారా చూసే వీలు కూడా కంట్లోనే ఉంది. చేతి నరంలోకి ఫ్లోరెసీన్ అనే రంగు ఎక్కించి, నీలి వెలుగులో రెటీనాను వరసగా ఫొటోలు తీస్తారు. 1961లో అచ్చయిన ఈ పద్ధతిని అమెరికాలోని ఇండియానాలో నోవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు కుర్రాళ్లు, ఇంకా మెడిసిన్ చదువుతూ ఉండగానే కనిపెట్టారు. ఆ రంగులో ఎక్కువ భాగం రక్తంలో ఆల్బుమిన్‌కే అంటుకుని తిరుగుతుంది. మంచి నాళాల్లో అది గీతల్లా లోపలే మెరుస్తుంది. చెడిన నాళం దగ్గర మొదట చుక్కలా కనిపించి, నిమిషాలు గడిచేకొద్దీ బ్లాటింగ్ పేపర్ మీద సిరాలా పరుచుకుంటుంది. నాన్నగారికి చేసినరోజు ఆ ఫొటోలు కంప్యూటర్ మీద ఒక్కొక్కటే మారుతుంటే పక్కన నిలబడి చూశాను. ఎడమ కన్ను, మాక్యులాకు కాస్త పైన, మూడు చుక్కలు. చివరి ఫొటోకి మూడూ కలిసిపోయాయి. ఇంటికొచ్చాక యూరిన్ ముదురు పసుపుగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మా అమ్మ భయపడేది.

ఇక వీఈజీఎఫ్. ఆక్సిజన్ అందని రెటీనా "కొత్త నాళాలు కావాలి" అని పంపే కబురు ఇది. దీని కథ తమాషాగా ఉంటుంది. 1983లో బోస్టన్‌లో సెంగర్, ద్వోరాక్ బృందం కణుతుల్లోంచి వచ్చే ఒక పదార్థం నాళాలను కారేలా చేస్తోందని గుర్తించి, దానికి నాళాల పారగమ్యతను పెంచే కారకం అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. 1989లో నెపోలియోన్ ఫెరారా నాళాలను పెంచే పదార్థం ఒకటి కనిపెట్టి దానికి వీఈజీఎఫ్ అని పేరు పెట్టారు. చివరికి రెండూ ఒకటే అని తేలింది. పెంచేది అనే రెండో పేరే ఊళ్లో నిలిచింది గానీ షుగర్ కంటి సంగతికి వచ్చేసరికి కార్చేది అనే మొదటి పేరే సరిపోతుంది. ఇప్పుడు కంట్లోకి ఇచ్చే రానిబిజుమాబ్, ఆఫ్లిబర్‌సెప్ట్, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు ఈ అణువును పట్టేసుకుంటాయి. కారడం తగ్గి వాపు దిగుతుంది.

అమ్మకు షుగర్ ఉంది, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. ప్రోటీన్ కారడం వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ వల్ల, షుగర్ మందు పయోగ్లిటజోన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి. గుండె, లివర్, థైరాయిడ్, కాళ్ల సిరలు, ఇవన్నీ చూడాలి. ప్రోటీన్ పోవడం వల్లే ఒళ్లు వాచాలంటే సాధారణంగా రోజుకు గ్రాముల లెక్కన పోవాలి. 3.5 గ్రాములు దాటితే నెఫ్రోటిక్ స్థాయి అంటారు. అప్పుడు పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ కూడా ఉబ్బుతుంది. వాపు ఎందుకో తెలియకుండా నీరు దిగే మాత్ర కొని వేసుకోవద్దు.

ప్రోటీన్ పోతోంది కదా, గుడ్లు, ప్రోటీన్ పౌడర్ ఎక్కువ తినాలా?

వద్దు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అంటే 6,000 మిల్లీగ్రాములు. రోజుకు 300 మిల్లీగ్రాములు పోయేవాళ్లు పోగొట్టుకునేది గుడ్డులో ఇరవయ్యో వంతు. పోయినదాని విలువ ఆహారంగా ఏమీ లేదు, దాని వెనక ఉన్న గోడ గురించే మన బెంగ. అవసరానికి మించి ప్రోటీన్ తింటే వడపోత గుత్తిలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. షుగర్‌తో కిడ్నీ జబ్బు ఉండి, డయాలిసిస్ లేనివాళ్లకు బరువులో కిలోకు 0.8 గ్రాములు చాలని మార్గదర్శకాలు చెప్తాయి. అలాగని పప్పు, పెరుగు పూర్తిగా మానేసి చిక్కిపోవడమూ తప్పే. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఉప్పు సంగతి మాత్రం గట్టిగా చెప్తాను. రోజుకు మొత్తం 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను లోపు. ఆవకాయ, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఒకే భోజనంలో చేరితే అందులో చాలా భాగం అక్కడే అయిపోతుంది. ఉప్పు ఎక్కువ తింటే ప్రోటీన్ తగ్గించే మందుల పని కూడా మందగిస్తుంది.

గుండెకూ దీనికీ ఏమిటి సంబంధం?

ఆల్బుమిన్ జారే గోడ కొలెస్ట్రాల్ రేణువుల్నీ సరిగా ఆపలేదు. పెద్ద ధమనుల్లో ఎల్‌డీఎల్ అనే కొలెస్ట్రాల్ రేణువులు గోడలోకి దూరి పేరుకోవడంతోనే పూడిక మొదలవుతుంది. 2001లో అచ్చయిన హోప్ అధ్యయనంలో యూరిన్‌లో ఆల్బుమిన్ కొద్దిగా పోతున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చాయి. షుగర్ లేనివాళ్లలో కూడా అంతే.

కారడం మళ్లీ ఆగుతుందా?

మొదటి దశలో అయితే చాలామందిలో అంకె తగ్గుతుంది, కొందరిలో 30 లోపుకు వచ్చేస్తుంది. 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనంలో మొదటి రకం షుగర్ ఉన్న 1,441 మందిని చూశారు. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లలో ఆల్బుమిన్ పోవడం మొదలవడం 39 శాతం తగ్గింది.

గోడ మందం కూడా వెనక్కి తగ్గుతుందా అన్నదానికి మిన్నెసోటాలో ఒక అరుదైన రుజువు దొరికింది. కిడ్నీలు షుగర్ వల్ల కొంత చెడిన ఎనిమిది మందికి పాంక్రియాస్ మార్పిడి చేశారు. దాంతో షుగర్ పూర్తిగా మామూలైంది. 5 ఏళ్ల తర్వాత కిడ్నీ ముక్క తీసి చూస్తే ఏ మార్పూ లేదు. 10 ఏళ్ల తర్వాత చూస్తే లావైన పొర పలచబడింది, ముద్దలు కరిగాయి. 1998లో పావొలా ఫియొరెట్టో బృందం దీన్ని ప్రచురించింది. దాలిలో ఎర్రబడిన పాలు మళ్లీ తెల్లబడవు గానీ కుండలో పాలు మార్చొచ్చు, కాకపోతే ఈ కుండకు పదేళ్లు పడుతుంది. మూడు నెలలు పథ్యం చేసి "ఏం తగ్గలేదండీ" అని వదిలేసేవాళ్లకు నేను ఈ ఎనిమిది మంది సంగతే చెప్తాను.

ఏ మందులు పనిచేస్తాయి?

రామిప్రిల్ రకం, టెల్మిసార్టన్, లోసార్టన్ రకం మందులు పోయే నాళం మీద యాంజియోటెన్సిన్ నొక్కును వదులు చేస్తాయి. గుత్తిలో ఒత్తిడి దిగుతుంది. 1993లో కాప్టోప్రిల్‌తో మొదటి రకం షుగర్‌లో, 2001లో లోసార్టన్, ఇర్బెసార్టన్‌లతో రెండో రకంలో ఇది రుజువైంది. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు రెండో చివర, అంటే వచ్చే నాళం దగ్గర, పనిచేస్తాయి. 2019లో కానాగ్లిఫ్లోజిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ కిడ్నీ క్షీణతను నెమ్మదింపజేస్తాయని తేలింది. 2020లో ఫినెరినోన్, 2024లో సెమాగ్లూటైడ్ ఈ వరసలో చేరాయి.

ఇవి మొదలుపెట్టాక క్రియాటినిన్ కాస్త పెరిగితే చాలామంది బెదిరి మానేస్తారు. ఒత్తిడి దిగింది కాబట్టి కొద్దిగా పెరగడం సహజం, 30 శాతం లోపు పెరుగుదలను డాక్టర్లు సాధారణంగా ఒప్పుకుంటారు. మానేముందు అడగండి. గర్భం ప్లాన్ చేసే ఆడవాళ్లు రామిప్రిల్, టెల్మిసార్టన్ రకాల గురించి ముందే చెప్పాలి, అవి బిడ్డకు హాని చేస్తాయి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఈ మందుల్లో కొన్ని ఆపాల్సి ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కోండి. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగుతూ ఉంటే మాత్రం ఈ మందుల పని సగం నీళ్లలో పోసినట్టే.

ఉద్దానం కిడ్నీ జబ్బు కూడా ఇదేనా?

కాదు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు కనిపించే ఆ జబ్బులో చాలామందికి షుగర్ ఉండదు, యూరిన్‌లో ప్రోటీన్ కూడా అంతగా పోదు. అక్కడ దెబ్బ ప్రధానంగా వడపోత గుత్తికి కాదు, దాని తర్వాత వచ్చే గొట్టాలకు, వాటి చుట్టూ ఉన్న కణజాలానికి తగులుతుంది. అందుకని ఆ ప్రాంతంవాళ్లు ఆల్బుమిన్ మామూలుగా ఉందని ఊరుకోకూడదు, క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి.

టెస్ట్ ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

రెండో రకం షుగర్ అయితే బయటపడిన రోజే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి మొదటి రోజే అంటున్నాను. మొదటి రకం అయితే 5 ఏళ్ల తర్వాత మొదలుపెట్టి ఏటా. అప్పటికే ఆల్బుమిన్ పోతున్నవాళ్లకు ఇంకా తరచుగా.

పొద్దున లేవగానే వచ్చే యూరిన్ మంచిది. మొదటి ధార వదిలేసి మధ్యది పట్టండి. జ్వరం ఉన్నా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, నెలసరి రోజులైనా, ముందురోజు గట్టిగా వ్యాయామం చేసినా అంకె ఊరికే పెరుగుతుంది. వారం ఆగి వెళ్లండి. ల్యాబ్ కౌంటర్ దగ్గర ఊరికే యూరిన్ టెస్ట్ అనకుండా ఏసీఆర్ అని అడగండి. బిల్లు మీద ఆ మాట ఉందో లేదో చూసుకుని సీసా ఇవ్వండి.